ఆరు గంటలకు మారే తేదీ

అయినా రైల్లో చదివింది మనసుకి పట్టినట్టు ఇంట్లో చదివింది పట్టదు, అదేం విచిత్రమో. ఇంట్లో పుస్తకం ముందు మనిషి కూర్చుని ఉంటాడు. రైల్లో పుస్తకమూ మనిషీ కలిసి ఎక్కడికో పోతూంటారు. ఎప్పుడో పోయినవాళ్ళ గురించి చదువుతూ తలెత్తితే కిటికీలో బతికున్నవాళ్ళు ఒక్క క్షణం కనిపించి మాయమైపోతారు. బట్టలారేస్తున్న ఆడమనిషి. గేటు దగ్గర సైకిలు దిగకుండా ఒంటికాలు నేలకానించి నిలబడ్డవాడు. వాళ్ళకి మన సంగతి తెలీదు, మనకి వాళ్ళ పేర్లు తెలీవు. చరిత్రంటే ఇదేనేమో అని అతను ఎన్నో ప్రయాణాల్లో అనుకున్నాడు, అనుకుని మురిసిపోయాడు కూడా.

ఇవాళ పుస్తకం ఒళ్ళో మూసే ఉంది.

పట్టాల పక్కన స్తంభాలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పరిగెత్తిపోతున్నాయి. దూరంగా ఉన్న గుట్ట మాత్రం అరగంట నుంచీ రైలుతో పాటే వస్తోంది, మనవైపు మనిషిలాగా. అందులోనే ఉంది మోసమంతా, అనుకున్నాడు. దూరంగా ఉన్నది మనతో వస్తున్నట్టు కనిపిస్తుంది. డెబ్బయ్యారేళ్ళ కిందటిది కదా, ఎటు తిరిగితే అటు వస్తుందనుకున్నాను. అది ఎక్కడిదక్కడే ఉంది. కదిలిందల్లా నేను.

"పెద్దోడా, వింటున్నావా?" అంది అమ్మ ఎదురు బెర్తు మీంచి.

"వింటున్నానమ్మా."

ఎనభై నాలుగేళ్ళావిడ కాగితం చేత్తో పట్టుకుని, దాని వంక చూడకుండానే మళ్ళీ మొదట్నుంచీ అందుకుంది. "సభలో ఉన్నవారందరికీ దండం. డెబ్బయ్యారేళ్ళుగా మా నాన్న ముప్ఫై ఒక్కమందిని పొట్టన పెట్టుకున్నాడన్న మాట మోశాను. రెండు రైళ్ళు గుద్దుకున్న ఆ పొద్దున మా నాన్న సిగ్నలు కేబిన్‌లో డ్యూటీలో లేడు. మా పెద్దబ్బాయి రికార్డులన్నీ చదివి..."

'స' అన్నప్పుడల్లా కట్టుడుపళ్ళ సందులోంచి చిన్న ఈల వస్తోంది.

"రికార్డులన్నీ శోధించి అనమ్మా," అన్నాడు తమ్ముడు. "చదివి అంటే పేపరు చదివినట్టుంటుంది."

"శోధించి అంటే ఈల ఇంకా ఎక్కువొస్తుందిరా చిన్నోడా. జనం నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. ఇన్నాళ్ళూ ఏడిపించారుగా."

తమ్ముడు గ్యాసు సిలిండర్ల ఏజెన్సీలో మేనేజరు. రోజంతా ఫోన్లో జనంతో అరిచి అరిచి, గుసగుస చెప్పినా బోగీ చివరిదాకా వినిపించే గొంతు వచ్చేసింది. స్మారకం రాయి పెట్టిస్తున్న సంఘంవాళ్ళతో మాట్లాడిందీ, అన్న రాసిన పుస్తకం రెండొందల ప్రతులు కట్ట కట్టించి తెచ్చిందీ అతనే. మొన్న "నేను రాను" అని ఒక్క మాట అనేసి, కారణం చెప్పకుండా నోరు కుట్టేసుకున్న అన్నని, ఇవాళ పొద్దున్న పెట్టెతో సహా ఆటోలో కూలేసిందీ అతనే. అప్పట్నుంచీ అన్నతో నేరుగా మాట్లాడటం లేదు. ఏదైనా చెప్పాలంటే వదిన వైపు తిరిగి చెబుతున్నాడు.

"వదినా, రేపు పదింటికి అమ్మ తెర లాగాలి. రాయి చాలా బాగా చెక్కారట. చనిపోయినవాళ్ళందరి పేర్లూ పైన. కింద రెండు లైన్లు అన్నయ్య పుస్తకంలోవి. ఆ పొద్దున సిగ్నలు లీవరు దగ్గర ఎవరున్నారో పేరుతో సహా. ఎవరికైనా చెప్పు, మొహం కాస్త విప్పమని. శవయాత్రకి పోవటం లేదు."

వదిన చూపు వేరేచోట ఉంది. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. జ్వరం ఎంతుందో చెయ్యి వెయ్యకుండానే పసిగట్టే మనిషి. పొద్దుట్నుంచీ మొగుడి ఒళ్ళో ఉన్న పుస్తకాన్నే చూస్తోంది.

ఆ పుస్తకంలో ఒక ఉత్తరం అంచు కనిపిస్తోంది. గీతల కాగితం, గుండ్రటి అక్షరాలు. అతనికి కంఠతా వచ్చు.

*మీ పుస్తకం లైబ్రరీలో చదివాను. మా తాతగారి గురించి మాకెవరికీ తెలీదు. పొడుగ్గా ఉండేవాడనీ, అందరూ పొడుగాయన అనేవాళ్ళనీ మా నాన్న చెప్పేవాడు, అంతే. మీరు అన్ని రిజిస్టర్లూ చూసి తప్పు ఆయనదని రాశారు కాబట్టి నమ్ముతున్నాను. ఫొటో గోడమీంచి తీసేశాను. రాయి ఆవిష్కరించే రోజున నేనూ వస్తాను, వెనక నిలబడతాను. మీరొచ్చే రైలేదో రాస్తే అందులోనే జంక్షన్‌లో ఎక్కుతాను. నాకేమీ వద్దు. బట్టలు కుట్టుకు బతుకుతాను, పెద్దగా చదువుకోలేదు. తప్పుంటే మన్నించండి.*

ఈ ఉత్తరానికి అతను జవాబు రాయలేదు. తమ్ముడు రాశాడు. బోగీ నంబరు కూడా రాశాడు. "రానీ పాపం, మనకేం పగలేదు కదా," అని.

*

వాష్‌బేసిన్ దగ్గర నీళ్ళు రావటం లేదు. అయినా చెయ్యి కిందపెట్టి నిలబడ్డాడు.

"ఇరవయ్యారేళ్ళ కాపురంలో రైలెక్కి పుస్తకం తెరవని మిమ్మల్ని ఇవాళే చూస్తున్నాను," అంది భార్య వెనకనుంచి. "పెళ్ళైన కొత్తలో కూడా నా వంక చూడకుండా ఏదో యుద్ధం చదివారు, ముప్ఫై గంటలు. నేనే సిగ్గు విడిచి ఎవరు గెలిచారండీ అని అడిగాను."

అతను నవ్వబోయాడు. మొహం సహకరించలేదు.

"పోయిన నెల రెండో అచ్చు కోసం తేదీలు సరిచూసుకొస్తానని రికార్డు గదికి వెళ్ళారు. వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఏం జరిగిందక్కడ?"

"ఏం జరగలేదు. ఒకాయన టీ ఇచ్చాడు."

"ఇచ్చి?"

తలుపు సందులోంచి వేడిగాలి కొడుతోంది. అతను తలుపు మీదున్న హెచ్చరిక బోర్డు చదువుతున్నవాడిలా దానికేసి చూస్తూ చెప్పాడు.

రికార్డు గదిలో ఈసారి కొత్త మనిషి. కొత్తంటే వయసులో కాదు. కేబిన్‌లో ముప్ఫయ్యేళ్ళు లీవర్లు లాగి, చూపు తగ్గితే ఆఖర్న కాగితాల్లోకి వేశారట. బిస్కెట్టు టీలో ముంచుకుంటూ ఏ తేదీ కావాలండీ అన్నాడు. పద్నాలుగు అన్నాను. ఎన్ని గంటలప్పటిది? తెల్లవారుజామున ఐదూ పది, రెండు రైళ్ళు గుద్దుకున్న టైము. అయితే పదమూడు తియ్యాలి కదా, పద్నాలుగు దేనికి, అన్నాడు.

"అదేంటి?"

"నేనూ అదే అన్నాను. నవ్వాడు. అర్ధరాత్రి తేదీ మారేది పడుకునేవాళ్ళకండీ, కేబిన్‌లో మనిషి దిగేదాకా అదే రోజు, అన్నాడు. పొద్దున్న ఆరింటికి కొత్తవాడొచ్చి సంతకం పెడితేనే కొత్త తేదీ. ఆ పుస్తకాలు మొదట్నుంచీ అలాగే రాస్తారట. వాళ్ళందరికీ తెలుసు. తెలిసినవాళ్ళు రాసి పెట్టరు కదా, తెలిసిందేగా అని."

భార్య గాలికి ఎగురుతున్న కొంగు నడుముకి దోపుకుంది.

"పద్నాలుగో తేదీ పేజీలో రాత్రి డ్యూటీ పొడుగాయనది. అది చూసే రాశాను, ఆ పొద్దున ఉన్నది ఆయన, మా తాత కాదు, విచారణవాళ్ళు అన్యాయం చేశారు అని. కానీ ఆ రాత్రి ప్రమాదం తరవాతి రాత్రి. పొడుగాయన విరిగిన బోగీల మధ్యకొచ్చి డ్యూటీ ఎక్కాడు, పాపం. ప్రమాదం పొద్దున పదమూడో తేదీ పేజీలో ఉంది. ఒక్క పేజీ వెనక్కి."

"అందులో?"

"తాత. వచ్చినప్పటి సంతకం ఉంది. దిగినప్పటి గడి ఖాళీ."

రైలు చిన్న వంతెన మీంచి పోయింది. చప్పుడు మారి, మళ్ళీ మామూలైంది.

"తొమ్మిదేళ్ళలో పదకొండుసార్లు చూశాను ఆ పేజీని," అన్నాడు. "కాగితం వెలుతురుకి పెట్టి చూశాను, సిరా రంగు చూశాను. వెనక పేజీ ఒక్కసారి తిప్పలేదు. ఎందుకు తిప్పలేదంటావు? చెయ్యి రాలేదా? లోపల ఎవడో వద్దన్నాడా? నెల్లాళ్ళుగా అదే వెతుక్కుంటున్నాను. తెలీక చేసిన తప్పయితే ఇంత బరువుండదు."

"వేలు కోసుకున్నవాళ్ళు కూడా ఆసుపత్రికొచ్చి ఇలాగే అడుగుతారు, ఎందుకు కోసుకున్నానండీ అని. ముందు కట్టు కట్టాలి. ఆవిడకి చెప్పారా?"

"ఎవరికి?"

"జంక్షన్‌లో ఎక్కే ఆవిడకి. ఇంకెవరికి?"

"చెప్పడు," అంది గుసగుసలాంటి పెద్దగొంతు. తమ్ముడు ఎప్పుడొచ్చాడో, మంచినీళ్ళ సీసా పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మొహంలో రంగు లేదు. పొద్దుట్నుంచీ మొదటిసారి అన్న కళ్ళలోకి చూశాడు. "ఇంకెవరికి తెలుసు?"

"నాకు."

"నీకు తెలుసు, సరే. ఆ బిస్కెట్ల ముసలాయనకి నీ పుస్తకం సంగతి తెలుసా?"

"తెలీదు."

"మరింకేం? నువ్వొక్కడివే కదా!"

"ఒక్కణ్ణే."

"అన్నయ్యా, విను. వీధిలో అందరూ పళ్ళ మాస్టారు అంటారు నిన్ను. డాక్టరు వెనకగదిలో కూర్చుని మైనంతో, ప్లాస్టరుతో లేని పళ్ళు తెప్పిస్తావు. చరిత్ర కూడా అలాగే కట్టావు, సరేనా? బాగా అతికింది. అమ్మ నవ్వుతోంది. నేను పుట్టి బుద్ధెరిగాక అమ్మ అలా నవ్వటం ఈ ఎనిమిది నెలల్లోనే చూశాను. ఇప్పుడు ఊడబెరుకుతానంటావా, రాయి చెక్కాక?"

"ఆ రాయి మీద ఒకళ్ళ తాత పేరుందిరా."

"ఇన్నాళ్ళూ మన తాత పేరు జనం నోట్లో ఉంది. అప్పుడెవరొచ్చి సరిచేశారు? అమ్మ చదివే బళ్ళో ఆమె పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదట. తాత ఉద్యోగం పోయి, ఏడాది తిరక్కుండా మంచంలోనే పోయాడు. ఆవిడెవరో ఫొటో తీసేసిందట. ఫొటో! అంతేగా!"

సీసా మూత పెట్టకుండానే వెళ్ళిపోయాడు. నేలమీద నీళ్ళు చారలా వెంట వెళ్ళాయి.

*

"ఈ పన్ను కరుస్తోంది, కాస్త చూడరా," అంది అమ్మ. పళ్ళ సెట్టు తీసి చేతిలో పెట్టింది.

ఇది అతనికి తెలిసిన పని. జేబులోంచి చిన్న ఆకురాయి, నీలం కాగితం తీశాడు. ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నీలం అంటుకుంటుంది, అక్కడ మాత్రమే అరగదీయాలి. ఎక్కువ తీస్తే మళ్ళీ అతకదు. తప్పు ఎక్కడుందో రంగేసి చూపించే కాగితం ఈ ఒక్క వృత్తిలోనే ఉంది, అనుకున్నాడు.

తమ్ముడు పై బెర్తు మీద గోడకేసి తిరిగి పడుకున్నాడు. పడుకున్నట్టు నటిస్తున్నాడు. భార్య పక్కకొచ్చి కూర్చుంది.

పళ్ళు లేని అమ్మ మొహం చిన్నదైపోయింది. ఇంట్లో కోపమొస్తే ఆవిడ చేసే పని ఇదే. పళ్ళు తీసి గిన్నెలో వేసిందంటే ఇక మాటల్లేవని. అందరూ గిన్నె వంక చూసి ఊరుకునేవాళ్ళు.

ఇప్పుడు ఆవిడ మాటలు తన చేతిలో ఉన్నాయి. ఇంతకంటే పిరికి సమయం దొరకదు.

"అమ్మా, నేను తేదీ తప్పు చదివాను," అన్నాడు తల ఎత్తకుండా. అంతా చెప్పాడు. ఆరు గంటల సంగతి, ఒక్క పేజీ సంగతి, ఖాళీ గడి సంగతి. ఆకురాయి కదులుతూనే ఉంది. గులాబీరంగు పొడి ప్యాంటు మీద రాలింది.

అమ్మ వంగి ఆ పొడిని వేలితో దులిపింది.

"ఉన్నాడు," అంది అమ్మ.

పళ్ళు లేక మాట మెత్తగా, పసిపిల్ల మాటలా వచ్చింది. "నాన్నే ఉన్నాడు. నాకు తెలుసు."

ఆకురాయి ఆగిపోయింది.

"ఇంట్లో అమ్మకి జ్వరం. నన్ను చూసేవాళ్ళు లేక కేబిన్‌కి తీసుకుపోయాడు. ఎనిమిదేళ్ళు నాకు. వరసగా మూడో రాత్రి ఆయనకి, నిలబడే తూలుతున్నాడు. తెల్లారగట్ల స్టూలు మీద కూచుని కన్ను మూశాడు. అప్పుడు గోడమీది గంట మోగింది. బండొస్తోందని పక్క స్టేషనువాళ్ళు కొట్టేది. నాకేం తెలుసు? ఇప్పుడే కదా పడుకున్నాడు, లేస్తాడేమోనని..." ఆవిడ రెండు చేతులూ గాలిలో ఏదో చుడుతున్నట్టు తిప్పింది. "దుప్పటి తీసి గంటకి చుట్టాను. గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. అది లోపల కొట్టుకుంటూనే ఉంది. పిట్టలాగ."

పై బెర్తు మీద తమ్ముడి వీపు కదల్లేదు.

మూడో రాత్రి. అతనిలోని చరిత్రకారుడు, సిగ్గులేనివాడు, ఆ క్షణంలో కూడా అనుకున్నాడు: పదకొండు, పన్నెండు పేజీలు చూడలేదే అని. మూడు రాత్రులు ఒకే మనిషిని నిలబెట్టినవాళ్ళ పేరు ఏ రాయి మీదా ఉండదే అని.

"మరి నన్నెందుకు రాయమన్నావమ్మా? తొమ్మిదేళ్ళు!"

"నేను చూసింది తప్పని ఎవరైనా రాస్తారేమోనని. నువ్వు చదువుకున్నవాడివి. పుస్తకం అచ్చై వచ్చిన రోజున నిజంగానే అనుకున్నానురా, దుప్పటీ అదీ కలేమోనని. ఎనిమిది నెలలు ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను."

భార్య అత్తగారి చెయ్యి పట్టుకుంది, నాడి చూస్తున్నట్టు. ఆవిడ విడిపించుకుంది.

"జంక్షన్‌లో ఎక్కే ఆ పిల్లకి చెప్తావా?"

అతను పళ్ళ మీది పొడి ఊదాడు.

"దుప్పటి సంగతీ చెప్తావా?"

చదివిన పుస్తకాలన్నిట్లో ఎక్కడో ఒకచోట దీనికి జవాబుంటుందనిపించింది. ఏ పుస్తకమో గుర్తుకు రాలేదు. లేదనే తెలిసింది. పళ్ళు తుడిచి ఇచ్చాడు. అమ్మ పెట్టుకుని, నోట్లోనే 'సభలో' అని చూసుకుంది.

ఈల రాలేదు.

రైలు వేగం తగ్గింది. కిటికీలో పట్టాలు రెండు నాలుగై, నాలుగు పదై విడిపోవడం మొదలుపెట్టాయి. జంక్షన్.

*

యాభయ్యేళ్ళావిడ, చేతిలో గుడ్డసంచి, బోగీ నంబరు రాసుకున్న చీటీ. చూపుడువేలి కొసన సూది పోట్ల నల్లటి చుక్కలు. పొడుగ్గా ఉంది. పై బెర్తు తగలకుండా తల వంచుకుంది, అలవాటైన వంపు.

"పుస్తకం రాసినవారు..." అంది ఇద్దరు మగవాళ్ళనీ మార్చి మార్చి చూస్తూ.

తమ్ముడు ఒక్క గెంతులో కిందికి దిగాడు. "రండమ్మా రండి! మీ మీద మాకేం కోపం లేదు. ఎప్పటి మాటో అది. కూర్చోండి."

కూర్చోడానికి చోటు లేదు. కింది సీటు మీద పుస్తకాల కట్ట ఉంది. ఎవరూ దాన్ని జరపలేదు.

"కూర్చోనండీ, వేరే బోగీలో సీటుంది. ఇది ఇచ్చేసి పోదామని." సంచిలోంచి చొక్కాగుడ్డలో చుట్టిన ఫ్రేము తీసింది. నాలుగు మూలలూ నీటుగా మడిచి ఉన్నాయి. "మా తాతగారి ఫొటో. ఇంట్లో ఉంచుకోబుద్ధి కాలేదు, పారెయ్యబుద్ధీ కాలేదు. ముప్ఫై ఒక్కమంది కదండీ. మీరు చరిత్ర రాసేవారు, మీ దగ్గరైతే దానికో చోటుంటుందని. మేకు మాత్రం ఊడి రాలేదు. క్యాలెండరు తగిలించాను."

"మంచి పని చేశారు," అన్నాడు తమ్ముడు. "ఇటివ్వండి, నేను..."

"నాకివ్వు," అన్నాడు అన్న.

గుడ్డ విప్పాడు. తొమ్మిదేళ్ళు ఈ మనిషి గురించి రాశాడు, పేరు రాశాడు, తప్పు రాశాడు. మొహం ఇప్పుడే చూస్తున్నాడు. ఎండకి కళ్ళు చికిలించి నవ్వుతున్నాడు పొడుగాయన. పైవరసలో ముందుపన్ను మూల విరిగింది. చిన్న పని, ఒక పూటలో సరిచెయ్యొచ్చు, అనుకున్నాడు, అనుకుంటూ ఫ్రేము అంచు వేలికి కోసుకునేంత గట్టిగా పట్టుకున్నాడు.

ఎదురుగా అమ్మ అతని వంకే చూస్తోంది. ఆ కళ్ళలో బతిమాలటం లేదు. కోపం లేదు. గంటని పట్టుకుని నిలబడ్డ పిల్ల కళ్ళు ఇలాగే ఉండి ఉంటాయి. మెల్లిగా నోట్లో వేళ్ళు పెట్టి, పళ్ళు తీసి, వెంట తెచ్చుకున్న గిన్నెలో వేసింది. మూత పెట్టి కిటికీకేసి తిరిగింది.

"అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. నిజంగా గుసగుసగా.

రైలు కదిలింది. ఆవిడ తూలి, పై బెర్తు గొలుసు పట్టుకుంది. "నేను వెళ్ళొస్తానండీ మరి."

అతను గుడ్డ మూలలు ఉన్నట్టే నాలుగూ మడిచి, ఫొటోని తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఎందుకండీ?" అందావిడ.

అతను పుస్తకాల కట్ట వంక చూశాడు. భార్య లేచి పుస్తకాల కట్టని కిందకి నెట్టి చోటు చేసింది. ఆవిడ ఫొటోని ఒళ్ళో పెట్టుకుని అంచున కూర్చుంది. అతను సంచిలోంచి నోటుపుస్తకం తీశాడు, రిజిస్టరులో ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకున్నది. ఖాళీగా ఉన్న ముందు పేజీలో పదమూడో తేదీని పోయిన నెలే ఎక్కించాడు. వాడి వాడి అలవాటుగా అది పద్నాలుగో తేదీ దగ్గరే తెరుచుకుంది. ఆవిడ వంగి, మెడ సాచి, తాత పేరు వేలితో వెతుక్కుంటోంది.

అతను ఆ వేలు లేచేదాకా ఆగాడు. ఒక్క పేజీ వెనక్కి తిప్పాడు.